చప్పుడు లేకుండా పడటం

జూన్ 9, సోమవారం

బడి తెరిచారు. అమ్మాయిల జూడో బ్యాచ్‌లో సగానికి సగం కొత్త మొహాలు. అంటే మళ్ళీ మొదటి పాఠం, మళ్ళీ గొంతు చించుకోవడం. ఎదుటివాళ్ళని పడెయ్యడం తర్వాత, ముందు పడటం నేర్చుకోండి తల్లీ అంటే ఒక్కతీ వినదు. అందరికీ మొదటి రోజే నన్ను ఎత్తి కుదెయ్యాలని ఉంటుంది. గడ్డం ఛాతీకి ఆనించాలి, వీపు గుండ్రంగా ఉంచాలి, ఒళ్ళు నేలని తాకే క్షణంలో అరచేత్తో మ్యాట్‌ని ఫట్‌మని కొట్టాలి. దెబ్బంతా ఆ చప్పుడులోనే పోతుంది, ఎముకలకి ఏమీ కాదు. ఎంత చప్పుడైతే అంత క్షేమం. పొద్దుటి నుంచి ఇదే పాట. వీళ్ళేమో చప్పుడు చెయ్యడానికి సిగ్గుపడి, పిల్లిని నిమిరినట్టు మ్యాట్‌ని నిమురుతున్నారు.

కింది ఇంటావిడ మనవరాలు కూడా చేరింది. అది మాత్రం ఘటికురాలు. మొదటి రోజే హాలంతా మోగించింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ ముందే వచ్చేసింది. ఆఫీసులో బాగా లేదట. ఫోన్ కంపెనీలో ఫిర్యాదులు వినే విభాగానికి సూపర్‌వైజరంటే మాటలా? రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేత తిట్లు తిని, క్షమించండి సార్, క్షమించండి మేడమ్ అనాలి. మనిషన్నాక ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. నేను పాల ప్యాకెట్ తేవడం మర్చిపోయాను. తప్పు నాదే.

పడ్డాను. ఏమీ కాలేదు.

జూన్ 11

కింది ఇంటావిడ మెట్ల మీద ఎదురైంది. నమస్కారం పెడితే మొహం అటు తిప్పుకుంది. ఆవిడ మనవరాలికి నేను గురువుని, మొన్నటిదాకా "బాబూ, బాబూ" అని నోరారా పిలిచేది. ఇప్పుడేం పుట్టిందో!

జూన్ 14, శనివారం

ఈ రోజు బాగుంది. ఇద్దరం బజారుకి వెళ్ళాం. తనే నాకు రెండు చొక్కాలు ఎంచింది. "నీ సైజు దొరకాలంటే డేరాలు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి" అని షాపువాడి ముందే ఏడిపించింది. షాపువాడు నవ్వాడు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక వీపు మీద కమిలినచోట మందు రాసింది. రాస్తూ ఏడ్చింది. "నాకేమవుతుందో నాకే తెలీదు, ఇంకెప్పుడూ చెయ్యను" అంది. ఎంత మంచిదో నాకు తెలుసు. బయటివాళ్ళకేం తెలుసు?

ఇక అయిపోయినట్టే.

జూన్ 17, మంగళవారం

స్టీలు గ్లాసు. కనుబొమ్మ మీద. చిన్నదే.

స్టాఫ్ రూమ్‌లో అడుగుపెట్టానో లేదో లెక్కల మాస్టారు అందుకున్నాడు. "ఏంటి కొండ సారూ, పిల్లలు గానీ ఎత్తేశారా ఏంటి?" పిల్లలు నాకు పెట్టిన పేరది, కొండ సార్. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఒక రకంగా ఈ ఉద్యోగం నయం. లెక్కల మాస్టారి చొక్కాకి సుద్ద అంటుకుంటే ఎవరూ ఎందుకని అడగరు, నా ఒంటికి దెబ్బ తగిలినా అంతే.

కాకపోతే ఈ నవ్వులకే విసుగొస్తోంది. ఒక్కడికైనా అనుమానం రావచ్చు కదా. వద్దులే, రాకపోవడమే మంచిది.

జూన్ 20, శుక్రవారం

ఒళ్ళు మండిపోతోంది. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

తను ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. బెల్ మోగితే తలుపు తీశాను. కింది ఇంటావిడ. లోపలికి రమ్మన్నా రాలేదు, గడపకి అవతలే నిలబడింది.

"మాస్టారూ, నిన్న సాయంత్రం మీ ఇంట్లో ఏం జరిగింది?"

"ఏం జరగలేదండీ."

"నాకు చెవుడు లేదు. చెంప పగిలిపోయేంత చప్పుడు కింద నా హాల్లోకి వినిపించింది. దాని వెనకాలే ఆ పిల్ల అరుపులు. ఇదేం మొదటిసారి కాదు. ఎప్పుడు చూసినా ముందు దెబ్బ, తర్వాత అరుపు!"

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. ఆవిడకి వినిపించింది నా అరచెయ్యి. ఇన్నేళ్ళ అలవాటు, పడ్డానంటే చెయ్యి దానంతట అదే పోయి నేలని కొడుతుంది. మ్యాట్ మీదైతే ఫట్‌మంటుంది, ఇంట్లో టైల్స్ మీదైతే తుపాకీ పేలినట్టే. పైనుంచి దెబ్బ చప్పుడు, ఆడమనిషి అరుపు. ఈ రెండూ విన్న ఏ మనిషైనా ఏమనుకుంటాడు? నేనైనా అదే అనుకుంటాను.

నవ్వొచ్చింది. నవ్వు ఆపుకునేసరికి ఆవిడకి ఇంకా మండింది.

"ఇంత ఒళ్ళు పెట్టుకుని పిచ్చుకంత పిల్ల మీద ప్రతాపం చూపిస్తావా? పైగా ఆడపిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగం! సిగ్గుండాలి."

"అదేం లేదండీ, నేను పడ్డాను. ఆ చప్పుడే మీకు..."

"పడ్డావా? నడింట్లో? ఎందుకు పడ్డావు?"

ఇదిగో, ఇక్కడే నా నోరు పడిపోయింది. ఎందుకు పడ్డానో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. గుడ్లప్పగించి నిలబడ్డాను. ఆవిడ ఆ మౌనాన్ని తనకి కావలసినట్టు అర్థం చేసుకుని "నేను ఊరుకునే రకం కాదు, గుర్తుపెట్టుకో" అని మెట్లు దిగిపోయింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పైన అలాంటి చప్పుళ్ళు విని టీవీ సౌండ్ పెంచుకునే వాళ్ళే ఎక్కువ. ఈవిడ పైకొచ్చి అడిగింది. పది ఇళ్ళలో తొమ్మిదింట్లో ఆవిడ అనుకున్నదే నిజమవుతుంది కూడా. నేను ఆడపిల్లలకి జూడో నేర్పేది అందుకే కదా. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు దారి లేదు. అదే ఇంకా చిరాకు.

జూన్ 21

తనకి చెప్పాను. ముందు పడీపడీ నవ్వింది. "అంటే నువ్వు నన్ను కొడుతున్నావా? నువ్వా?" అని. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"నిజం చెప్పకపోయావా?" అంది.

"ఏమని?"

లేచి వెళ్ళి గిన్నెలు తోమింది, తోమిన గిన్నెలే మళ్ళీ.

జూన్ 23

కింది ఇంటావిడ లిఫ్ట్ దగ్గర మా ఆవిడ చెయ్యి పట్టుకుని "మా తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది తల్లీ, ఏ వేళైనా వచ్చెయ్యి" అందట.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"ఏమంటాను? థాంక్స్ అన్నాను."

థాంక్స్ అందట!

జూన్ 25, బుధవారం

బుద్ధి గడ్డి తిని అక్కకి ఫోన్ చేశాను. ఊరికే, అటూ ఇటూ మాట్లాడుతూ, మధ్యలో అనేశాను. "ఈ మధ్య తను కొంచెం చెయ్యి చేసుకుంటోందే" అని.

"ఎవరి మీద? పనమ్మాయి మీదా?"

"నా మీద."

అక్క నవ్వింది చూడు, ఊపిరందక దగ్గొచ్చేదాకా నవ్వింది. "ఏమండీ, ఇలా రండి, మా తమ్ముణ్ణి పెళ్ళాం కొడుతోందట!" అని బావని పిలిచి స్పీకర్ పెట్టింది. బావ "ఆ మాత్రం లేకపోతే అదేం కాపురం రా బామ్మర్దీ, ఇక్కడ నా బతుకేమన్నా వేరే అనుకున్నావా" అన్నాడు. అక్క ఆయన్ని నిజంగా కొట్టినట్టు వీపు మీద ఒక్కటి వేసిన చప్పుడు కూడా వినిపించింది. ఇద్దరూ మళ్ళీ నవ్వులు.

నేనూ నవ్వాను. నాకీ నవ్వడం రోగం ఎప్పుడు వదులుతుందో.

ఫోన్ పెట్టేసే ముందు అక్క గొంతు తగ్గించింది. హమ్మయ్య, ఇప్పుడైనా అడుగుతుందనుకున్నాను. "ఒరేయ్, ఏమైనా సరే నువ్వు మాత్రం తిరిగి చెయ్యెత్తకు. ఆడపిల్ల. నీ చెయ్యి పడిందంటే చచ్చూరుకుంటుంది" అంది.

నాకేమవుతుందో అడుగుతుందేమోనని రోజంతా ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. చెయ్యలేదు.

జూన్ 28

అసలు ఎవరైనా అడగొచ్చు. వందకి పైన కిలోలున్న జూడో మాస్టారు, అందులో సగం కూడా లేని ఆడమనిషి తోస్తే పడతాడా అని. న్యాయమే. పడడు. నేను కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడితే తను ఎంత తోసినా గోడని తోసినట్టే.

మొదట్లో అలాగే నిలబడేవాణ్ణి. నిలబడితే తన కోపం ఇంకా పెరిగేది. ఏది దొరికితే అది, కుక్కర్ మూత, ఫోన్ ఛార్జర్, చెప్పు. "రాయిలా నిలబడతావేం, నొప్పి తెలీదా నీకు?" అనేది. చేతులు పట్టుకుని ఆపొచ్చు. ఒకసారి పట్టుకున్నాను. మణికట్టు మీద నా వేళ్ళ గుర్తులు పడ్డాయి. అవి పోయేదాకా పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళింది. అది చూసి నాకే భయం వేసింది, నేనేమైపోతున్నానని. మళ్ళీ పట్టుకోలేదు.

పడితే మాత్రం అయిపోతుంది. నేను కింద, తను పైన. ఒక్క నిమిషం అరుస్తుంది, ఆ తర్వాత ఏడుస్తుంది. అంతే.

కాబట్టి నేను కావాలనే పడుతున్నాను. అది దెబ్బ తినడం కిందికి రాదు. ఇదంతా నా చేతుల్లోనే ఉంది.

సాయంత్రం మెట్లెక్కి తలుపు ముందు కాసేపు ఆగుతాను. లోపల గిన్నెల చప్పుడు ఎలా ఉందో వింటాను. భయం కాదు, జాగ్రత్త.

జూలై 1, మంగళవారం

అపార్ట్‌మెంట్ సెక్రటరీ వాచ్‌మన్ గది దగ్గర ఆపి పక్కకి తీసుకెళ్ళాడు. భుజం మీద చెయ్యేసి, "చూడండి మాస్టారూ, మీ ఇంటి గొడవలు మాకెందుకు గానీ, కొంచెం చప్పుడు లేకుండా చూసుకోండి. కంప్లైంట్లు వస్తున్నాయి" అన్నాడు. అంటే నేను పెళ్ళాన్ని చప్పుడు చెయ్యకుండా కొట్టుకుంటే వీడికి పేచీ లేదన్నమాట! ఛీ.

కానీ ఆ మాట బుర్రలో ఉండిపోయింది. చప్పుడు లేకుండా.

పిల్లలు వెళ్ళిపోయాక జూడో గది తలుపేసుకున్నాను. అరచెయ్యి నేలకి కొట్టకుండా పడి చూశాను. చేతులు రెండూ పొట్టకి కట్టేసుకుని, ఒక భుజం మీదకి ఒరిగి దొర్లాలి. ఇన్నేళ్ళ సర్వీసులో ఏది చెయ్యొద్దని పిల్లల్ని తిట్టానో సరిగ్గా అదే. చెయ్యి ఊరుకోదే! లేచిపోతుంది. వేళ్ళు చొక్కాలో దోపుకుని మరీ ప్రాక్టీసు చేశాను. నా మొహానికి ఇది కూడా ఒక విద్య.

జూలై 3

చప్పుడు కాలేదు.

జూలై 5

చప్పుడు కాలేదు. మోచెయ్యి కొంచెం వాచింది. మెట్ల మీద కింది ఇంటావిడ తనని చూసి "ఇప్పుడు కాస్త నయంగా ఉన్నట్టుందే తల్లీ" అందట. చూశావా, పనిచేస్తోంది.

జూలై 8, మంగళవారం

ఎడమ కాలర్ బోన్ విరిగింది.

ఏమైందో రాయడానికి కూడా పెద్దగా ఏమీ లేదు. బాల్కనీలో ఆరేసిన బట్టలు వానకి తడిశాయి, నేను తియ్యలేదు. తోసింది. చేతులు దగ్గరికి లాక్కున్నాను. భుజం మొన మీద పడ్డాను. చప్పుడు బయటికి రాలేదు, లోపల నాకు మాత్రం వినిపించింది.

తనే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. దారంతా నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. డాక్టరు ఎక్స్‌రే చూసి "ఎలా జరిగింది?" అన్నాడు. "బాత్‌రూమ్‌లో జారానండీ" అన్నాను. "ఏం చేస్తుంటారు?" అంటే చెప్పాను. "జూడో మాస్టారికి పడటం రాలేదా!" అని నవ్వాడు. నవ్వాల్సిన చోటే కదా, నవ్వనీ.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. నా చేతికి జోలె కట్టిన నర్సు మా ఆవిడ చేతి వేళ్ళు చూసింది. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. తోయడానికి ముందు నా దవడ మీద పడ్డ పిడికిలి అది. నర్సు "ఒక్క నిమిషం ఇలా రామ్మా" అని తనని పక్క గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. ఇంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా, ధైర్యంగా చెప్పు, ఆయనకి తెలియనివ్వం అని అడిగిందట. గోడ మీద ఆడమనిషి బొమ్మతో పోస్టరు కూడా ఉందట, ఫోన్ నంబరుతో సహా. నేను బయట బెంచీ మీద విరిగిన ఎముకతో కూర్చుని ఉన్నాను. నన్ను ఎవరూ ఏ గదిలోకీ పిలవలేదు.

"ఏం చెప్పావు?" అన్నాను ఇంటికొచ్చాక.

"ఏం లేదన్నాను" అంది. మళ్ళీ తనే, "నిన్నెందుకు అడగలేదు?" అంది.

అదే నేనూ అడుగుతున్నా.

జూలై 10, గురువారం

హెడ్‌మిస్ట్రెస్ గారు పిలిచారు. భుజం గురించి పరామర్శ అనుకుని వెళ్ళాను. కింది ఇంటావిడ వచ్చి ఫిర్యాదు చేసిందట. ఇంట్లో భార్యని కొట్టే మనిషి దగ్గరికి మా పిల్లని పంపం, మిగతా తల్లిదండ్రులకి కూడా చెప్తాం అని.

"నేను నమ్మానని కాదు మాస్టారూ. కానీ ఆడపిల్లల విషయం" అన్నారు మేడమ్. మంగళవారం ఆవిడని పిలుస్తారట, నేను మా ఆవిడని తీసుకురావాలట. అలాంటిదేమీ లేదని మా ఆవిడ తన నోటితో చెప్తే గొడవ వదిలిపోతుందట. అంతవరకూ అమ్మాయిల బ్యాచ్ లెక్కల మాస్టారు చూస్తాడు.

లెక్కల మాస్టారు! మ్యాట్ మీద బూట్లతో నడిచే మనిషి! పోటీలు వచ్చే నెలలో. ఆ పిల్లల్లో ఒకళ్ళకి మోకాలు బాగా లేదు, ఒకళ్ళకి పడటమంటే ఇప్పటికీ వణుకు. వీడు ఈల పట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు. నాకు ఈ ఉద్యోగంలో ఉన్న ఒక్క సంతోషం ఆ బ్యాచే. దాన్ని కూడా లాక్కుంటే ఇక నాకేం మిగులుతుంది?

జూలై 13, ఆదివారం

తను, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. ఏం చెప్పాలో అనుకున్నాం. "ఆయన ఇంట్లో ప్రాక్టీసు చేస్తారండీ, ఆ చప్పుడే మీకు వినిపించింది. నాకు ఎలుకలంటే భయం, అందుకే అరిచాను." ఎలుకల సంగతి తన ఆలోచనే. రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను. "ఎలుకలంటావా, బొద్దింకలంటావా? ఒక్కటే అను" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

భుజం విరిగినప్పటి నుంచి తను నన్ను వేలితో కూడా తాకలేదు. బాగానే ఉంది.

జూలై 15, మంగళవారం

మేడమ్ గది. మేడమ్, కింది ఇంటావిడ, తను, నేను. నాకు మూలన ఉన్న కుర్చీ చూపించారు, తనని మధ్యలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు.

"భయపడకమ్మా. కావాలంటే మీ ఆయన్ని బయట ఉండమంటాను" అన్నారు మేడమ్.

"వద్దండీ. ఉండనివ్వండి."

"సరే. ఆయన నీ మీద చెయ్యి చేసుకుంటాడా?"

ఎలుకలు, ఎలుకలు అని మనసులో నేనే అందిస్తున్నాను. తను నా వైపు చూసింది. మొహం వైపు కాదు, జోలె వైపు. చాలాసేపు చూసింది.

"ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదండీ. నేనే కొడతాను. ఆ భుజం నేను తోస్తే విరిగింది."

నాకు తల కొట్టేసినట్టయింది. అదే సమయంలో, ఎలా రాయాలో తెలీదు, తనని లేచి దగ్గరికి తీసుకోవాలనిపించింది. ఎంత ధైర్యం కావాలి ఆ మాట అనడానికి! నేను ఈ కాగితాల మీద కూడా అనలేకపోయాను.

కింది ఇంటావిడ లేచింది. గబగబా వచ్చి మా ఆవిడ తలని గుండెలకి హత్తుకుంది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

"చూశారా మేడమ్? చూశారా? ఎంత బెదిరించి తీసుకొచ్చాడో! నేరమంతా తన నెత్తినేసుకుంటోంది పిచ్చితల్లి."

"కాదండీ, నిజంగా నేనే..."

"ఊరుకో అమ్మా. నాకు తెలుసు. మా చెల్లెలు కూడా ఇలాగే అనేది. తప్పంతా నాదే అక్కా అనేది, ఆఖరిదాకా అదే మాట."

"అయ్యో, మీకెలా చెప్పాలి? నేను కొడతానండీ! ఈ చేత్తో!" తను చెయ్యెత్తి చూపించింది. ఆవిడ ఆ చెయ్యి అందుకుని కణుపుల మీద ఇంకా తగ్గని వాపు చూసి, నా వైపు చూసిన చూపుంది చూశావూ, నిలువునా కాల్చేసింది.

ఇక లాభం లేదని నేనే నోరు తెరిచాను. "నిజమేనండీ. మా ఆవిడ నన్ను కొడుతుంది." నా గొంతులో ఆ మాట నేనే మొదటిసారి విన్నాను. చప్పుడు సంగతి చెప్పాను, అరచెయ్యి సంగతి చెప్పాను. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మాస్టారూ, మీరు చెప్పేది కొంచెమైనా నమ్మేలా ఉండాలి కదా. మీరు పిల్లలకి పట్లు నేర్పే మనిషి. ఆ అమ్మాయి తోస్తే పడ్డారా?"

"నేను పడితే ఆపేస్తుందండీ."

మేడమ్ ఒక్క క్షణం నన్ను సరిగ్గా చూశారు. నమ్మారు, నేను చూశాను, ఆ ఒక్క క్షణం నమ్మారు. మరుక్షణం పెదవి చివర వణికింది. నవ్వు. గ్లాసెత్తి నీళ్ళు తాగి కప్పిపుచ్చుకున్నారు. నమ్మనివాళ్ళకి నేను రాక్షసుణ్ణి, నమ్మినవాళ్ళకి బఫూన్‌ని. ఎవరికీ దెబ్బ తగిలిన మనిషిని మాత్రం కాను.

తీర్పు ఏంటంటే, అమ్మాయిల బ్యాచ్ లెక్కల మాస్టారికే. అబ్బాయిల బ్యాచ్ నా దగ్గరే ఉంటుందట. "వాళ్ళకైతే ఎవరూ అభ్యంతరం చెప్పరు" అన్నారు మేడమ్. నేను నిజంగా కొట్టేవాణ్ణే అయితే మగపిల్లలకి ఫరవాలేదా? అడగలేదు. అడిగే ఓపిక చచ్చిపోయింది. ఎలుకలని చెప్పి ఉంటే బ్యాచ్ దక్కేది.

ఇంట్లోకి రాగానే తను తలుపుకి ఆనుకుని నిలబడింది.

"నేను చెప్పాను. నిజమే చెప్పాను కదా?"

"చెప్పావు. విన్నాను."

"మరి నన్ను ఒక్కరూ తిట్టరేం? ఒక్క మాట, ఇదేం పనమ్మా అని ఒక్క మాట అనరేం? నెత్తిన పెట్టుకుంటారేం?" అంది. "ఎవరైనా గట్టిగా అడిగితే ఆగుతానేమో అనుకున్నాను. ఇక నన్నెవరు ఆపుతారు?"

జోలె ముడి జారిపోయి ఉంది. అది సరిచెయ్యడానికే తను చెయ్యి చాచి నా వైపు రెండడుగులు వేసింది. అంతే. ముడి కట్టడానికి. నా మంచి చెయ్యి దానంతట అదే లేచి మొహానికి అడ్డం పెట్టుకుంది. మోకాళ్ళు వంగాయి. నేను పడబోయాను, తను తాకకుండానే.

తను ఆగిపోయింది. ఇద్దరం అలాగే ఉన్నాం.

భయం. జాగ్రత్త కాదు. భయం, భయం. నాకు నా పెళ్ళామంటే భయం. రాశాను. ఇప్పుడు తిట్టుకోండి, నవ్వుకోండి, మీ ఇష్టం.

"నువ్వు నన్ను కొడుతున్నావు. నేను పడటం కాదు, నువ్వు కొట్టడం. తప్పు" అన్నాను. మొహం మీదే. "రేపు వెళ్ళిపోతున్నాను."

తను ఏడవలేదు. తలూపింది. "అను. ఇంకొకసారి అను" అంది.

అన్నాను.

జూలై 16, బుధవారం

లెక్కల మాస్టారికి ఫోన్ చేస్తే వాళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉందన్నాడు. ఎందుకో చెప్పాను. నవ్వబోయి ఆపుకున్నాడు. "పెళ్ళాం కొడితే పారిపోయి వచ్చాడని మా వీధిలో చెప్పకండి, నా పరువు పోతుంది" అన్నాడు. ఆ తర్వాత "దిండ్లు నా దగ్గరున్నాయి, తేవొద్దు" అన్నాడు. వీడితో ఏం చెయ్యాలో నాకు తెలీదు. సాయంత్రం మ్యాట్ ఎక్కే ముందు బూట్లు విప్పమని మాత్రం చెప్పాలి.

బట్టలు తనే సర్దింది. ఒంటి చేత్తో జిప్ పట్టదని తనే వేసింది. నాకు రెండడుగుల దూరంలోనే ఉంది, దగ్గరికి రాలేదు.

"ఎవరికైనా చూపించుకో. డాక్టరుకి" అన్నాను.

"చూపించుకుంటాను. ముందు వాళ్ళు నమ్మాలిగా."

"నమ్మేదాకా చెప్పు."

"నువ్వు మళ్ళీ వస్తావా?"

తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

కింద గేటు దగ్గర కింది ఇంటావిడ. బ్యాగు చూసింది, నన్ను ఎగాదిగా చూసింది. మొహంలో తృప్తి దాచుకోలేకపోయింది.

"వెళ్తున్నావా? ఇప్పటికైనా మంచి పని చేశావు. ఇక ఆ పిల్ల ఈ పూటైనా కంటినిండా నిద్రపోతుంది."

"నేను కూడానండీ" అన్నాను.

ఆవిడ నోరు తెరిచింది, మూసింది. నేను గేటు దాటాక వెనకాల "ఎంత పొగరో చూడు" అనడం వినిపించింది. బస్సు అప్పుడే వచ్చింది, ఎక్కాను.